పన్ను లేదనగానే పరుగెత్తకండి: అమెరికాలో రాష్ట్రం మారే ముందు వేసుకోవాల్సిన లెక్క

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తొమ్మిదేళ్ళు ఉండి టెక్సాస్‌లో డాలస్ పక్కకి వచ్చాం. అప్పటి నుంచి నెలకి ఇద్దరైనా ఫోన్ చేస్తారు, అందరి ప్రశ్నా ఒకటే: "అన్నా, అక్కడ స్టేట్ ట్యాక్స్ లేదు కదా, ఎంత మిగులుతోంది?" స్టేట్ ట్యాక్స్ అంటే ఫెడరల్ పన్ను కాక రాష్ట్రం ఆదాయం మీద వేసే పన్ను. ఫోన్‌లో అరగంట చెప్పినా తెగదు కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. నేను చెప్పేది ప్రధానంగా న్యూజెర్సీ, కాలిఫోర్నియాల నుంచి టెక్సాస్, నార్త్ కరోలినాల వైపు చూస్తున్న మన కుటుంబాల గురించి. వేరే రాష్ట్రాల మధ్య మారేవాళ్ళకీ వరస ఇదే, అంకెలే మారతాయి.

ముందే ఒక మాట. "ఏ రాష్ట్రం మంచిది" అని అడిగితే లెక్క తేలదు. "ఏ అడ్రసు" అని అడగాలి. ఒకే ఊళ్ళో రోడ్డుకి ఇటుపక్క ఇంటికీ అటుపక్క ఇంటికీ ఏడాదికి నాలుగు వేల డాలర్లు తేడా వచ్చిన సందర్భాలు నేను చూశాను. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీవీ, ఉద్యోగం ఉంటే మీ జీవిత భాగస్వామివీ చివరి రెండు పే స్టబ్‌లు (జీతం చీటీలు), పోయిన ఏడాది డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోతలు చూపే కంపెనీ కాగితం), స్టేట్ రిటర్న్
- వీసా కాగితాలు: ఐ-797 (ఇమిగ్రేషన్ శాఖ నోటీసు), ఎల్‌సీఏ (ఏ చోట ఎంత జీతానికి పని చేస్తారో కంపెనీ లేబర్ శాఖకి ఇచ్చే కాగితం), గ్రీన్ కార్డు దారిలో ఉంటే పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) లేదా దాని తర్వాతి ఐ-140 పిటిషన్ ఏ దశలో ఉందో తెలిపే మెయిల్
- పన్నెండు నెలల బ్యాంకు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు (మూడు నెలలవి చాలవు, ఇండియా టికెట్లు, కారు ఇన్సూరెన్సు లాంటివి ఏడాదిలో ఎప్పుడో ఒకసారి వస్తాయి)
- మీరు వెళ్ళాలనుకుంటున్న చోట నిజంగా అమ్మకానికో అద్దెకో ఉన్న రెండు మూడు ఇళ్ళ పూర్తి అడ్రసులు
- ఒక ఎక్సెల్ షీట్, ఒక ఆదివారం

1. మొదట వీసా, తర్వాతే డబ్బు

సిటిజన్‌షిప్ ఉంటే ఈ మెట్టు దాటేయండి. గ్రీన్ కార్డు ఉంటే చివరనున్న ఏఆర్-11 మాట ఒక్కటి చూసుకోండి.

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు పని చేసే చోటు ఒక మెట్రో ప్రాంతం నుంచి ఇంకో మెట్రో ప్రాంతానికి మారితే, కంపెనీ కొత్త ఎల్‌సీఏ తీసుకుని, సవరించిన పిటిషన్ వెయ్యాలి. 2015లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ తీర్పు తర్వాత ఇందులో అనుమానమేమీ లేదు. "నాది పూర్తిగా ఇంటి నుంచి పని కదా, ఎక్కడుంటే ఏంటి" అంటారు చాలామంది. ఇంటి నుంచి పని చేస్తే మీ ఇల్లే పని చోటు. ఎడిసన్ నుంచి న్యూయార్క్ సిటీలోని ఆఫీసుకి మారడం ఒకే మెట్రో ప్రాంతంలోకి వస్తుంది కాబట్టి పర్వాలేదు. ఎడిసన్ నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి మారడం అలా కాదు.

సవరణ పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కి (ఇమిగ్రేషన్ శాఖకి) చేరి రసీదు వచ్చాక మారవచ్చు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు. కానీ ముందు సామాను లారీ ఎక్కించి, తర్వాత హెచ్‌ఆర్‌కి చెప్పడం మాత్రం వద్దు.

అసలు మెలిక పెర్మ్ దగ్గరుంది. లేబర్ సర్టిఫికేషన్ ఒక పని ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. పెర్మ్ నడుస్తుండగా ఊరు మారితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. ఐ-140 ఆమోదం అయిపోయి ఉంటే ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరసలో మీ తేదీ) మీతోనే వస్తుంది, అదొక ధైర్యం. ఏ దశలో ఉన్నా కంపెనీ లాయరుని మెయిల్‌లోనే అడగండి, జవాబు దాచుకోండి. మేనేజరు నోటిమాటగా "నో ప్రాబ్లమ్" అన్నది ఇమిగ్రేషన్ ఆఫీసరు దగ్గర చెల్లదు.

ఇల్లు మారిన పది రోజుల్లో ఏఆర్-11 (అడ్రసు మార్పు ఫారం) ఆన్‌లైన్‌లో పెట్టాలి, మీకూ, పిల్లలతో సహా ఇంట్లో వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న ప్రతి ఒక్కరికీ. ఐదు నిమిషాల పని. అందుకే మర్చిపోతారు.

2. జీతం అంతే ఉంటుందా?

చాలా కంపెనీల్లో ఊరిని బట్టి జీతాల మెట్లుంటాయి. బే ఏరియా నుంచి డాలస్‌కి వస్తే పది, పదిహేను శాతం కోసే చోట్లు ఉన్నాయి. మీరు పన్నులో మిగుల్చుకుందామనుకున్నది అక్కడే పోతుంది.

హెచ్‌ఆర్‌ని అడిగే ముందే తెలుసుకునే చిట్కా ఒకటుంది. కాలిఫోర్నియా, కొలరాడో, వాషింగ్టన్, న్యూయార్క్, 2025 జూన్ నుంచి న్యూజెర్సీ కూడా ఉద్యోగ ప్రకటనల్లో జీతం పరిధి రాయాలని చట్టం చేశాయి. టెక్సాస్‌లో ఆ చట్టం లేదు. కానీ మీ కంపెనీయే ఎక్కడి నుంచైనా పని చేయవచ్చని వేసే ప్రకటనల్లో ప్రాంతాల వారీగా పరిధులు తరచూ కనిపిస్తాయి. మీ హోదా పేరుతో వెతకండి.

కంపెనీ మార్చుతూ రాష్ట్రం మారుతుంటే, కొత్త ఆఫర్ లెటర్‌లో నాన్-కంపీట్ (మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు) ఉందేమో చూడండి. కాలిఫోర్నియాలో అలాంటి షరతు చెల్లదు. మిన్నెసోటాలో 2023 జూలై నుంచి రాసుకున్నవీ చెల్లవు. టెక్సాస్, నార్త్ కరోలినాల్లో కాలం, పరిధి సహేతుకంగా ఉంటే కోర్టులు నిలబెడతాయి. కాలిఫోర్నియాలో ఉన్నన్నాళ్ళూ ఆ పేరా చదవకుండా సంతకం పెట్టడం అలవాటైన వాళ్ళు ఇక్కడ దొరికిపోతారు.

3. మీరు నిజంగా కడుతున్న స్టేట్ ట్యాక్స్ ఎంతో చూడండి

ఊహ వద్దు. పోయిన ఏడాది స్టేట్ రిటర్న్ తెరిచి "మొత్తం పన్ను" అన్న గడి చూడండి. నాకు ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది న్యూజెర్సీ "పది శాతం" తీసుకుంటుందనుకుంటారు. ఆ 10.75 శాతం పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద. ఇద్దరు పిల్లలతో 1,80,000 డాలర్ల ఉమ్మడి ఆదాయమున్న దంపతులకి న్యూజెర్సీ పన్ను ఆరు వేల చిల్లరకి అటూ ఇటూగా వస్తుంది. అంటే నెలకి ఐదు వందల పైచిలుకు. ఇల్లు మారడానికి కారణమయ్యేంత మొత్తమా కాదా, మీరే తేల్చుకోండి.

ఇప్పుడు వెళ్ళబోయే చోటు. జీతం మీద పన్ను వెయ్యని వాటిలో టెక్సాస్, ఫ్లోరిడా, టెన్నెసీ, నెవాడా మనవాళ్ళకి బాగా తెలిసినవి. పెన్సిల్వేనియా అందరికీ ఒకే రేటు, 3.07 శాతం. ఇల్లినాయ్ 4.95. నార్త్ కరోలినా 2025లో 4.25 ఉండగా 2026కి 3.99కి దిగింది.

ఈ అంకెల దగ్గర ఆగిపోతే మోసపోతారు. కింద దాక్కున్నవి చూడండి:

పెన్సిల్వేనియాలో 3.07 మీద ఊరి పన్ను వేరే ఉంటుంది, చాలా చోట్ల ఒక శాతం, ఫిలడెల్ఫియాలో అయితే మూడున్నర దాటుతుంది. పైగా అక్కడ మీరు 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో వేసే డబ్బుకి కూడా స్టేట్ పన్ను కట్టాలి. మేరీల్యాండ్‌లో కౌంటీ ఆదాయపు పన్ను ఉంది. ఒహాయోలో ఊళ్ళు వేస్తాయి. కాలిఫోర్నియాలో ఎస్‌డిఐ (అనారోగ్య, కుటుంబ సెలవుల ఇన్సూరెన్సు) కోత 2024 నుంచి జీతం ఎంతైనా మొత్తం మీద పడుతోంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రెండూ హెచ్‌ఎస్‌ఏకి (వైద్య ఖర్చుల పొదుపు ఖాతాకి) మినహాయింపు ఇవ్వవు.

ఇంకో రెండు ఉచ్చులు. ఆఫీసు న్యూయార్క్‌లో ఉండి, మీ సౌకర్యం కోసం మీరు టెక్సాస్ ఇంటి నుంచి పని చేస్తుంటే, న్యూయార్క్ ఆ రోజులకీ పన్ను అడుగుతుంది. టెక్సాస్‌లో పన్నే లేదు కాబట్టి దాన్ని సర్దుబాటు చేసుకునే దారి కూడా ఉండదు. రెండోది, కాలిఫోర్నియాలో ఉండగా కంపెనీ ఇస్తానన్న షేర్లు (ఆర్‌ఎస్‌యూలు) మీరు వచ్చేశాక చేతికందినా, ఇచ్చిన నాటి నుంచి అందిన నాటి వరకూ అక్కడ పని చేసిన రోజుల వాటాకి కాలిఫోర్నియా పన్ను కట్టాల్సిందే. ఈ వాటా షీట్‌లో విడిగా ఒక వరసలో రాయండి.

4. రెండు అడ్రసులు ఎంచుకోండి, మూడు దాటొద్దు

జిల్లో లాంటి ఇళ్ళ వెబ్‌సైట్‌లో మీ బడ్జెట్‌కి సరిపోయే నిజమైన ఇల్లు ఒకటి పట్టుకోండి. "ఫ్రిస్కోలో సగటు" అనీ, "క్యారీలో (నార్త్ కరోలినా) సగటు" అనీ వద్దు. సగటు ఇంట్లో ఎవరూ కాపురం ఉండరు. ఎంఐటీ వాళ్ళ లివింగ్ వేజ్ లెక్క (బతకడానికి ఎంత జీతం కావాలో చెప్పేది) కౌంటీ స్థాయిలో, ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ప్రాంతీయ ధరల సూచీ మెట్రో స్థాయిలో దారి చూపిస్తాయి. తుది లెక్కకి పనికిరావు.

5. ప్రాపర్టీ ట్యాక్స్: ఇక్కడ తాపీగా కూర్చోండి

టెక్సాస్‌లో రాష్ట్రం ప్రాపర్టీ ట్యాక్స్ వెయ్యదు. స్కూల్ డిస్ట్రిక్టు, కౌంటీ, ఊరు, కమ్యూనిటీ కాలేజీ ఎవరికి వాళ్ళు వేస్తారు. అన్నీ కలిపితే పాత ఏరియాల్లో 1.7 శాతం చుట్టుపక్కల ఉండవచ్చు. కొత్తగా వెలసిన ఏరియాల్లో నీళ్ళు, మురుగు, రోడ్ల కోసం తెచ్చిన అప్పు తీర్చడానికి మడ్ అనే జిల్లా పన్నో, పిడ్ అనే వడ్డింపో దీనిమీద పడుతుంది. ఇవి కలిస్తే 2.3, 2.5 దాకా పోతుంది. మనవాళ్ళకి కొత్త ఇల్లంటేనే మోజు కాబట్టి మడ్ ఎక్కువగా మనకే తగులుతుంది. పేరు కూడా తగినట్టే ఉంది, ఇంగ్లీషులో బురద.

చూడాల్సిన పద్ధతి:

(అ) ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఇళ్ళ విలువ కట్టే ఆఫీసు) వెబ్‌సైట్‌లో అడ్రసు కొట్టండి. కాలిన్ కౌంటీకి ఒకటి, డెంటన్ కౌంటీకి ఒకటి. ఫ్రిస్కో ఊరు రెండు కౌంటీల్లోనూ ఉంది, జాగ్రత్త.
(ఆ) "ట్యాక్సింగ్ యూనిట్స్" అన్న పట్టికలో ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టండి. మడ్, డబ్ల్యూసీఐడీ, ఎఫ్‌డబ్ల్యూఎస్‌డీ (ఇవీ మడ్ లాంటి నీటి జిల్లాలే), పిడ్ అన్న అక్షరాలు కనిపిస్తే ఆ రేటు రాసుకోండి. పిడ్ కొన్నిసార్లు ఈ పట్టికలో ఉండదు, బిల్డరునో ఊరి ఆఫీసునో అడగాలి.
(ఇ) అమ్మేవాళ్ళు మడ్ గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కొనుగోలు కాగితాల గుట్టలో అది ఎక్కడుందో ఏజెంటుని వేలు పెట్టి చూపించమనండి.
(ఈ) పాత యజమాని కట్టిన బిల్లు మీ బిల్లు కాదు. వాళ్ళ పెంపుదలకి ఏడాదికి పది శాతం పరిమితి నడుస్తూ ఉండి ఉండవచ్చు, ముసలివాళ్ళైతే అదనపు మినహాయింపు ఉండి ఉండవచ్చు. మీరు కొనగానే ఆ రక్షణలు పోతాయి. మీరు కొనే ధర మీద రేటు వేసుకోండి.

కాలిఫోర్నియాలో ఇదే సూత్రం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. 1978 నాటి ప్రపోజిషన్ 13 వల్ల అక్కడ విలువ పెంపు ఏడాదికి రెండు శాతం దాటదు. పక్కింటాయన ముప్పై ఏళ్ళ కిందట కొని రెండు వేలు కడుతుంటే మీరు పదిహేను వేలు కట్టవచ్చు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొత్త ఇల్లు తీసుకున్నాం. టెక్సాస్‌లో విలువ కట్టేది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి. ఆ రోజుకి మా ప్లాటులో మట్టి, నాలుగు గుంజలు తప్ప ఏమీ లేవు. మొదటి ఏడాది బిల్లు స్థలానికే వచ్చింది, అప్పు ఇచ్చినవాళ్ళు ఎస్క్రో (పన్నుకని నెల కిస్తీతో పాటు పట్టుకునే డబ్బు) కూడా దాని మీదే లెక్కకట్టారు. టెక్సాస్ ఎంత చవకో అని బంధువులందరికీ చెప్పాను కూడా. రెండో ఏడాది పూర్తి ఇంటికి బిల్లు వచ్చింది. ఎస్క్రో లోటు, పెరిగిన పన్ను కలిసి నెల కిస్తీ ఒక్కసారిగా ఏడు వందల డాలర్ల పైన పెరిగింది. మా ఆవిడ ఆ నెల నాతో మాట్లాడింది తక్కువ. కొత్త ఇల్లు కొనేవాళ్ళు మొదటి ఏడాది మిగిలిన డబ్బు ముట్టుకోకుండా విడిగా పెట్టండి. లేదా ఎస్క్రోని పూర్తి విలువ మీద లెక్కకట్టమని ముందే అడగండి.

6. లెక్క కలపండి

ఉదాహరణకి ఒక కుటుంబం. ఉమ్మడి ఆదాయం 1,80,000 డాలర్లు, ఇల్లు 6,00,000 డాలర్లు. రేట్లు అర్థం కావడానికి గుండ్రంగా తీసుకున్నాను, మీవి మీరు వేసుకోండి.

టెక్సాస్, పాత ఏరియా: స్కూల్ పన్ను 1 శాతం, మిగతావి 0.7 శాతం అనుకుందాం. మీరే ఉంటున్న సొంతిల్లు అని హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టుకుంటే స్కూల్ పన్నుకి 1,40,000 డాలర్ల విలువ తీసేస్తారు (2023లో లక్షకి పెంచారు, 2025 నుంచి ఇది). 4,60,000 మీద 1 శాతం 4,600. 6,00,000 మీద 0.7 శాతం 4,200. మొత్తం 8,800.

టెక్సాస్, మడ్ ఉన్న ఏరియా: అదే ఇల్లు, మడ్ 0.7 శాతం. ఇంకో 4,200 కలుస్తుంది. మొత్తం 13,000.

నార్త్ కరోలినా: 2026 రేటుతో, దంపతులకి పన్ను పడని మొత్తం (స్టాండర్డ్ డిడక్షన్) 25,500 తీసేస్తే 1,54,500 మీద 3.99 శాతం, సుమారు 6,165. ప్రాపర్టీ ట్యాక్స్ 0.9 శాతం అనుకుంటే 5,400. అక్కడ కార్లకి కూడా ఆస్తి పన్ను ఉంటుంది. రెండు కార్లు కలిపి 50,000 విలువైతే 450. మొత్తం 12,015.

చూశారా, "పన్ను లేని" రాష్ట్రమే అన్నిటికన్నా చవకా అదే, అన్నిటికన్నా ఖరీదూ అదే. మధ్యలో ఉన్నది పన్ను వేసే రాష్ట్రం. ఆదాయం మూడు లక్షలు దాటితే టెక్సాస్ వైపు మొగ్గు పెరుగుతుంది. ఆదాయం తక్కువై ఇల్లు పెద్దదైతే కరోలినా వైపు. ఇంకో విషయం, అద్దెకుండేవాళ్ళకి ప్రాపర్టీ ట్యాక్స్ అద్దెలోనే కలిసిపోయి ఉంటుంది, దాన్ని మళ్ళీ వేసుకోకండి.

న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్ళు ఫెడరల్ వరస కూడా చూసుకోవాలి. స్టేట్, ప్రాపర్టీ పన్నుల మినహాయింపు పరిమితి 2018 నుంచి 10,000 ఉండేది, 2025కి 40,000 అయింది (బాగా ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి తగ్గుతూ వస్తుంది). ఇంటి అప్పు వడ్డీ కూడా ఉన్నవాళ్ళకి న్యూజెర్సీలో కట్టిన దానిలో కొంత ఫెడరల్ పన్నులో తిరిగి వస్తోందన్నమాట. మారితే ఆ లాభమూ తగ్గుతుంది.

7. ఇన్సూరెన్సు, కరెంటు, కారు

ఇంటి ఇన్సూరెన్సుకి నిజమైన కోట్ తెప్పించుకోండి, అడ్రసు ఇస్తే ఏజెంటు ఒక రోజులో ఇస్తారు. టెక్సాస్‌లో వడగళ్ళు, ఫ్లోరిడాలో తుపాన్లు, కాలిఫోర్నియాలో కార్చిచ్చు. న్యూజెర్సీ అలవాటుతో ఊహిస్తే దెబ్బతింటారు. గాలి, వడగళ్ళకి డిడక్టిబుల్ (ముందు మీరు భరించే మొత్తం) ఇన్సూరు చేసిన ఇంటి విలువలో తరచూ ఒకటో రెండో శాతం ఉంటుంది. ఆరు లక్షలకి ఇన్సూరు చేసిన ఇంటికి రెండు శాతమంటే పన్నెండు వేలు మీ జేబులోంచి పోయాకే కంపెనీ చెయ్యి కదుపుతుంది. పైకప్పు వయసు అడగండి.

డాలస్, హ్యూస్టన్‌లలో కరెంటు కంపెనీని మీరే ఎంచుకోవాలి. పవర్ టు చూజ్ అన్న ప్రభుత్వ సైటు ఉంది. సరిగ్గా 1000 యూనిట్లకి చవగ్గా కనిపించే ప్లాన్ల మీద ఓ కన్నేయండి. వాటిలో వెయ్యి దాటితేనే వచ్చే తగ్గింపు ఉంటుంది. మార్చిలో 900 యూనిట్లు వాడితే అది రాదు, ఆగస్టులో 2500 వాడితే రేటు పైకి పోతుంది. ప్రతి ప్లాన్‌కీ ఉండే ఫ్యాక్ట్స్ లేబుల్‌లో 500, 1000, 2000 మూడు రేట్లూ చదవండి.

కారు దగ్గర వర్జీనియా, నార్త్ కరోలినాల్లో ఏటా ఆస్తి పన్ను. జార్జియాకి కొత్తగా వచ్చేవాళ్ళు కారు విలువ మీద మూడు శాతం ఒకసారి కట్టాలి. డాలస్ చుట్టుపక్కల టోల్ రోడ్లు ఎక్కువ. రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు నెలకి వందా, రెండు వందలా అన్నది మ్యాపులో దారి గీసి చూసుకోవాల్సిందే.

8. పిల్లలు

కిండర్‌గార్టెన్‌లో చేరడానికి పిల్లకి ఐదేళ్ళు నిండాల్సిన తేదీ చూడండి. న్యూజెర్సీలో చాలా డిస్ట్రిక్టులకి అక్టోబరు 1, టెక్సాస్‌కి సెప్టెంబరు 1, నార్త్ కరోలినాకి ఆగస్టు 31. సెప్టెంబరు మధ్యలో పుట్టిన పిల్లకి ఒక ఏడాది డే కేర్ ఫీజు అదనం. అది మీ స్టేట్ ట్యాక్స్ మిగులుని రెండు సార్లు మింగేస్తుంది.

హైస్కూల్ పిల్లలుంటే లెక్క వేరు. టెక్సాస్‌లో 1997 చట్టం ప్రకారం క్లాసులో పై పది శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి మాత్రం అది 2026 నుంచి ఐదు శాతం. "మంచి స్కూలు" అని మన పిల్లలందరూ పోగయ్యే చోటికే వెళ్తే ఆ ఐదు శాతంలో పడటం ఎంత కష్టమో వేరే చెప్పాలా? జార్జియా హోప్ స్కాలర్‌షిప్ గొప్పదే, కానీ హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న పిల్లలకి రాదు. ఇక్కడ పుట్టిన తమ్ముడికి వస్తుంది, ఇండియాలో పుట్టిన అక్కకి రాదు, ఒకే ఇంట్లో. రాష్ట్రంలోని వాళ్ళకిచ్చే తక్కువ (ఇన్-స్టేట్) కాలేజీ ఫీజుకి మామూలుగా పన్నెండు నెలల నివాసం చూపించాలి. పదకొండో తరగతి మధ్యలో మారేవాళ్ళు తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

9. తక్కిన చట్టాలు, గబగబా

జీవిత భాగస్వామి నర్సు అయితే: టెక్సాస్, నార్త్ కరోలినా నర్సుల ఉమ్మడి లైసెన్సు ఒప్పందంలో ఉన్నాయి, కాలిఫోర్నియా లేదు. టీచరు, ఫార్మసిస్టు, ఫిజియో ఎవరైనా లైసెన్సు బదిలీకి ఎన్ని నెలలో ముందు తెలుసుకోండి. ఆ నెలల జీతం లెక్కలో తీసేయండి.

ప్రసవం దగ్గర్లో ఉంటే: న్యూజెర్సీ, కాలిఫోర్నియా, న్యూయార్క్, వాషింగ్టన్‌లలో జీతంతో కూడిన కుటుంబ సెలవు రాష్ట్రమే ఇస్తుంది. టెక్సాస్‌లో కంపెనీ దయ. మూడు నెలలు ఆగి మారితే వేల డాలర్ల తేడా.

అద్దె: కాలిఫోర్నియాలో డిపాజిట్ చాలావరకు ఒక నెల అద్దె దాటకూడదు, న్యూజెర్సీలో నెలన్నర. టెక్సాస్‌లో పరిమితి లేదు. ఖాళీ చేశాక ముప్పై రోజుల్లో తిరిగివ్వాలి, కానీ మీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇస్తేనే.

టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్‌లతో సహా తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్ళయ్యాక సంపాదించింది భార్యాభర్తలిద్దరి ఉమ్మడి ఆస్తి. వీలునామా, పిల్లల సంరక్షకుల కాగితం పాత రాష్ట్రంలో రాసుంటే కొత్త చోట ఒక లాయరుకి చూపించండి.

10. వెళ్ళి చూడండి, చెడ్డ నెలలో

డిసెంబరు సెలవుల్లో డాలస్ వచ్చి "ఆహా" అనుకున్నవాళ్ళు ఆగస్టులో నా మీద కోప్పడ్డారు. టెక్సాస్‌కి జూలై, ఆగస్టుల్లో రండి. మిషిగన్, ఇల్లినాయ్‌లకి జనవరిలో వెళ్ళండి. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి నుంచి ఆఫీసుకి నడిపి చూడండి. అమ్మానాన్నలు ఆర్నెల్లు వచ్చి ఉండేవాళ్ళైతే, గుడికో పార్కుకో నడిచి వెళ్ళగలరా అన్నదీ చూడండి. ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు దగ్గర మా నాన్న తనంతట తాను వెళ్ళి కూరగాయలు తెచ్చేవారు. ఇక్కడ నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుంటారు. షీట్‌లో దీనికి ఏ గడి పెట్టాలో నాకు తెలియలేదు.

వీలైతే మొదటి ఏడాది అద్దెకుండండి.

తరచూ జరిగే తప్పులు

- రాష్ట్రం మారినట్టు పేరోల్‌కి చెప్పకపోవడం. పాత రాష్ట్రం కోత నడుస్తూనే ఉంటుంది, రీఫండ్‌కి ఏడాది ఆగాలి.
- డ్రైవింగ్ లైసెన్సు గడువు మరచిపోవడం. కాలిఫోర్నియాలో నివాసం మొదలైన పది రోజులు, న్యూజెర్సీ, నార్త్ కరోలినాల్లో అరవై, టెక్సాస్‌లో తొంభై. టెక్సాస్‌లో కారు రిజిస్ట్రేషన్‌కి ముప్పై రోజులే.
- కంపెనీ ఇచ్చే రీలొకేషన్ డబ్బు మొత్తం చేతికొస్తుందనుకోవడం. అది జీతంలా పన్ను పడే సొమ్ము. సొంతంగా పెట్టిన ఖర్చుకి 2018 నుంచి ఫెడరల్ మినహాయింపు కూడా లేదు, సైన్యంలో ఉన్నవాళ్ళలాంటి కొద్దిమందికి తప్ప.
- న్యూజెర్సీ "ఎగ్జిట్ ట్యాక్స్" భయంతో ఇల్లు అమ్మకపోవడం. అది కొత్త పన్ను కాదు. రాష్ట్రం వదిలేవాళ్ళు ఇల్లమ్మితే లాభం మీద రాబోయే పన్నుని ముందే పట్టుకోవడం. ఎక్కువ పట్టుకుంటే రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు.
- హోమ్‌స్టెడ్‌కి డబ్బు కట్టడం. ఇల్లు కొన్న నెలలో ప్రభుత్వ ముద్రలాంటి ముద్రతో ఫీజు అడుగుతూ ఉత్తరాలొస్తాయి. చింపి పారేయండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో అది ఉచితం, లైసెన్సు మీద అడ్రసు ఇంటి అడ్రసుతో సరిపోతే చాలు.

లెక్క సరిగ్గా కుదిరిందా? ఇలా చూసుకోండి

మొదటి పే స్టబ్: రాష్ట్రం గడిలో కొత్త రాష్ట్రం ఉందా, పాత రాష్ట్రం కోతలు ఆగాయా?

మూడో నెల: బ్యాంకు ఖర్చుల్ని మీ షీట్ పక్కన పెట్టండి. ఏ వరసైనా ఇరవై శాతం దాటి తప్పితే కారణం రాయండి. మాకు టోల్, కరెంటు తప్పాయి.

తర్వాతి జనవరి: డబ్ల్యూ-2లో 15, 16, 17 గడులు చూడండి. రెండు రాష్ట్రాలూ ఉంటే ఒక్కోదానికి పంచిన జీతం మీరు మారిన తేదీకి సరిపోవాలి. ఏడాదిలో కొంతకాలమే ఉన్న నివాసిగా (పార్ట్-ఇయర్) రిటర్న్ పాత రాష్ట్రానికి వెయ్యాలి. తేడా ఉంటే డబ్ల్యూ-2సి (సరిదిద్దిన డబ్ల్యూ-2) అడగండి, రిటర్న్ వేశాక కాదు, ముందే.

టెక్సాస్‌లో ఇల్లు కొన్నవాళ్ళకి ఏప్రిల్‌లో విలువ నోటీసు వస్తుంది. అందులో హోమ్‌స్టెడ్ అన్న మాట ఉందో లేదో చూడండి; దానికి మామూలు గడువు ఏప్రిల్ 30. మీరు కొన్న ధర కన్నా విలువ ఎక్కువ వేసుంటే క్లోజింగ్ కాగితం (కొన్న ధర చూపే కొనుగోలు పత్రం) జతచేసి ఆన్‌లైన్‌లో ప్రొటెస్ట్ (అభ్యంతరం) పెట్టండి. గడువు మే 15, లేదా నోటీసు పంపిన తేదీ నుంచి ముప్పై రోజులు, ఏది తర్వాతైతే అది. నేను రెండో ఏడాది పెట్టాను. పావుగంట పట్టింది, ఆ ఏడాది తొమ్మిది వందల డాలర్లు తగ్గింది.